‘కాబట్టి’కి ముందు ఖాళీ

రీజనింగ్ పేపర్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అజంప్షన్ ప్రశ్న. దానికి సూత్రం లేదు, బట్టీ పట్టాల్సిందీ లేదు. మూడు నాలుగు వాక్యాలిస్తారు. వాటిలో ఎక్కడా రాయని ఒక మాట మీద ఆ వాదమంతా నిలబడి ఉంటుంది. ఆ మాటను పట్టుకోవాలి. సివిల్స్ ప్రిలిమ్స్‌లో 2011 నుంచి ఉన్న సీశాట్‌లో ఇది పాసేజీల కింద వస్తుంది, తప్పు రాస్తే ఆ ప్రశ్నకున్న మార్కుల్లో మూడోవంతు పోతుంది. అమెరికాలో లా సీటు కోసం రాసే ఎల్‌శాట్‌లో 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ తీసేశారు. మార్కులుండే మూడు విభాగాల్లో రెండు ఇప్పుడు ఇలాంటి వాదాలను విప్పి చూసేవే.

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలతో ఈ ప్రశ్నలు ముందేసుకుని కూర్చోవడం నాకు అలవాటు. కొత్తగా వచ్చినవాళ్లకు మొదట ఇచ్చేది ఇది: “ఈ మండలంలో డ్రిప్ పెట్టిన రైతులకు మిగతావాళ్లకన్నా దిగుబడి ఎక్కువ వస్తోంది. కాబట్టి మిగతావాళ్లు కూడా డ్రిప్ పెడితే వాళ్ల దిగుబడి పెరుగుతుంది.” నాలుగు ఆప్షన్లు. డ్రిప్ నీటిని ఆదా చేస్తుంది. అన్ని పంటలకూ డ్రిప్ పనికొస్తుంది. దిగుబడి పెంచే దారి ఇంకొకటి లేదు. డ్రిప్ పెట్టిన రైతుల దిగుబడికి వాళ్ల నేలలు ముందునుంచే మంచివి కావడం ఒక్కటే కారణం కాదు.

ఎక్కువమంది మొదటిదాని దగ్గర ఆగుతారు. వ్యవసాయ కుటుంబాల పిల్లలైతే మరీను. అది నిజమని వాళ్లకు తెలుసు కదా. కానీ ఇక్కడ అడిగింది ఏది నిజమని కాదు, ఈ వాదానికి ఏది కావాలని. అందుకే ‘కాబట్టి’ మీద వేలు పెట్టి చూడమంటాను. దానికి ముందు ఉన్నది రెండు రకాల రైతుల మధ్య పోలిక. దాని తర్వాత ఉన్నది ఒక రకం రైతుల్లో రాబోయే మార్పు. పోలిక నుంచి మార్పుకు ఎలా దాటారు? ఆ రెండు రకాల రైతులకూ డ్రిప్ తప్ప చెప్పుకోదగ్గ తేడా లేదని లోలోపల అనుకుంటేనే దాటగలరు.

అనుమానముంటే ఆప్షన్‌ను తిరగేసి చూడాలి. డ్రిప్ నీటిని ఆదా చెయ్యదనుకుందాం. దిగుబడి పెరగడానికి వచ్చిన అడ్డేమీ లేదు. వేరే దారులున్నాయనుకుందాం. ఉండనివ్వండి, డ్రిప్ మాట డ్రిప్‌దే. ఇక నాలుగోది తిరగేస్తే: ఆ దిగుబడికి కారణం మంచి నేలలే, ఇంకేదీ కాదు. అప్పుడు మిగతావాళ్లకు డ్రిప్ ఇమ్మనడానికి ఈ పోలిక ఎందుకూ పనికిరాదు. ఏది తీసేస్తే వాదం కూలుతుందో అదే జవాబు.

తిరగేయడంలోనే పిల్లలు ఎక్కువగా తడబడతారు. ‘అన్ని పంటలకూ పనికొస్తుంది’ని తిరగేయమంటే ‘ఏ పంటకూ పనికిరాదు’ అంటారు. అప్పుడు వాదం కూలినట్టే కనిపిస్తుంది, రెండో ఆప్షన్‌కు గుర్తు పెట్టేస్తారు. అసలు తిరగేస్తే వచ్చేది ‘కనీసం ఒక్క పంటకైనా పనికిరాదు’ అనే. ఈ మండలంలో లేని పంటేదో డ్రిప్‌కు లొంగకపోతే ఈ రైతులకేం? కాదనాల్సినంత మేరకే కాదనడం వస్తే ఈ విద్యలో సగం వచ్చినట్టే.

‘అందరూ’, ‘ఎవరూ’, ‘మాత్రమే’ వంటి మాటలున్న ఆప్షన్లను కళ్లు మూసుకుని కొట్టేయమనే చిట్కా ఒకటి తిరుగుతోంది. నాకది నచ్చదు. “ఈ ఉద్యోగానికి డిగ్రీ ఉండాలి. కాబట్టి మా ఊళ్లో ఎవరికీ అర్హత లేదు” అనే వాదానికి కావాల్సిన ఊహ, ఊళ్లో ఒక్కరికి కూడా డిగ్రీ లేదన్నదే. ముగింపులో ‘ఎవరికీ’ ఉంటే ఊహలోనూ అంత బలం ఉండాలి. చిట్కా నమ్ముకున్నవాడు సరైన జవాబును తన చేత్తోనే కొట్టేస్తాడు.

మన తర్కశాస్త్రం ఈ పనిని చాలా ముందే చేసింది. పదిహేడో శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన ఆంధ్రదేశం వాడే. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పుంది అంటే ఆ సంప్రదాయపు తార్కికులు, నైయాయికులు, ఊరుకోరు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందన్న మాటను, వంటింటిని ఉదాహరణగా చూపించి మరీ, పైకి చెప్పాలంటారు. దాని పేరు వ్యాప్తి. మన పరీక్షల్లో దాచిపెట్టి వెతకమనేది చాలాసార్లు దాన్నే. ఇక నిప్పుంది కాబట్టి పొగ ఉందని అటుది ఇటు చేస్తే? ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలి. ఎవరూ చెప్పకుండా చాటున ఉండి పని చేసిన ఆ తడిని ఉపాధి అన్నారు. డ్రిప్ ప్రశ్నలో మంచి నేలను ఇలాగే అనుమానించాలి.

ఈ ప్రశ్నలు నేర్పడం మీద నాకింత పట్టుదల ఎందుకంటే, డ్రిప్ వాదమే అశోక్‌నగర్ వీధుల్లో మరో రూపంలో కోచింగ్ సెంటర్ల బోర్డులకెక్కి ఉంటుంది. “మా దగ్గర చదివినవాళ్లకు ర్యాంకులొచ్చాయి. కాబట్టి ఇక్కడ చేరితే మీకూ వస్తుంది.” కాగితం మీద నేలల సంగతి చక్కగా పట్టుకున్న పిల్లలే, ఇంట్లో అప్పు చేసి పంపిన డబ్బుతో ఈ వాదాన్ని అడక్కుండా ఒప్పుకుంటారు. ఒప్పుకోవాలని మనసు ముందే సిద్ధంగా ఉంటే ‘కాబట్టి’ ముందున్న ఖాళీ కంటికి ఆనదు. అందుకే డ్రిప్ ప్రశ్న అయిపోగానే రెండోదిగా ఆ బోర్డు మీది వాక్యాలనే రాయిస్తాను. ఫీజు కట్టే ముందు అడగాల్సినవి వాళ్లే రాస్తారు: మొత్తం ఎంతమంది చేరారు, చేర్చుకునే ముందే పరీక్ష పెట్టి బాగా చదివేవాళ్లను ఏరుకున్నారా, ర్యాంకు వచ్చినవాళ్లు అక్కడ ఏడాదంతా చదివారా, లేక ఇంటర్వ్యూకి ముందు నాలుగు రోజులు వచ్చి వెళ్లారా.