ఇల్లు చేరిన దళసభ్యురాలు: ‘మనకు తెలియని మన చరిత్ర’పై ఒక పరిశీలన

యుద్ధానికి పోయిన మనిషి ఇల్లు చేరడం సాహిత్యానికి చాలా పాత వస్తువు. యుద్ధం గెలవడంతో కథ అయిపోదని మన రామాయణమే చెప్పింది. రావణుడు చచ్చిన తర్వాతనే గదా సీతకు అసలు పరీక్ష మొదలయింది! ఆధునిక కాలంలో అభ్యుదయ రచయితలు ఈ వస్తువును కొత్త దృష్టితో చేపట్టారు. ముల్క్ రాజ్ ఆనంద్ 1939 నుంచి 1942 దాకా వెలువరించిన మూడు నవలల్లో పంజాబు రైతుబిడ్డ లాలూ సింగ్ మొదటి ప్రపంచయుద్ధానికి సిపాయిగా పోతాడు. జర్మనుల చేతికి చిక్కుతాడు. చెర వీడి ఊరు చేరేసరికి తల్లి లేదు, భూమి లేదు, సర్కారు పెట్టిన ఆశలకు అతీగతీ లేదు. అతను చివరికి రైతు ఉద్యమంలో కలుస్తాడు. షోలొఖోవ్ 1956 చివర ప్రచురించిన ప్రసిద్ధ కథలో ఆంద్రేయ్ సొకొలోవ్ నాజీల చెరనుంచి తప్పించుకొని వస్తే, ఇల్లున్నచోట బాంబు తవ్విన గుంట కనబడుతుంది. భార్యా కూతుళ్లూ అందులోనే పోయారు. మిగిలిన ఒక్క కొడుకూ యుద్ధం ముగిసిన రోజునే చచ్చిపోతాడు.

ఈ ఇద్దరి దుఃఖానికీ మూలం ఒకటే. వాళ్లు తిరిగివచ్చేసరికి ఇల్లు లేదు. నేనిక్కడ చర్చించబోయే పుస్తకంలోని దుఃఖం దీనికి సరిగా తలకిందులు. అందులోని స్త్రీలు తిరిగివచ్చేసరికి ఇల్లు వుంది. వదిలిపోయిననాడు ఎట్లా వుందో అట్లాగే వుంది. అదే వాళ్ల దుఃఖం.

ఆ పుస్తకం ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణా రైతాంగ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీలు మూడు దశాబ్దాలు గడిచాక చెప్పుకున్న జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన 1986లో హైదరాబాదునుంచి ప్రచురించింది. 1989లో ఇంగ్లీషులోనూ వచ్చింది. వీళ్లు సర్కారు సైన్యంలో పనిచేసినవాళ్లు కారు. బిళ్లలూ బిరుదులూ ఎరగరు. కాని తుపాకి పట్టినవాళ్లూ, దళాలకు కొరియర్లుగా నడిచినవాళ్లూ, గాయాలకు కట్లు కట్టినవాళ్లూ, అజ్ఞాతవాసంలో డెన్లు నడిపినవాళ్లూ వీళ్లలో వున్నారు. వీళ్లను యుద్ధానికి పోయివచ్చినవాళ్లు అనకుంటే ఆ మాటకు అర్థమే లేదు.

ఆ యుద్ధం స్వరూపం పాఠకులకు తెలిసిందే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశముఖు గూండాల తూటాలకు బలయ్యాడు. 1948 సెప్టెంబరులో భారతసైన్యం ప్రవేశించి నిజాము పాలనను కూల్చింది. ఆ తర్వాత తుపాకులు కమ్యూనిస్టుల మీదికే తిరిగాయి. 1951 అక్టోబరులో పార్టీ పోరాటాన్ని విరమించింది. మూడువేల గ్రామాలు, పదిలక్షల ఎకరాల భూమి పంపకం, నాలుగువేలమంది వీరుల మరణం అని సుందరయ్య 1972లో తన గ్రంథంలో లెక్క చెప్పాడు.

ఈ పోరాటం మీద మనకున్న సాహిత్యం తక్కువది కాదు. కాని అది ఎక్కడ ఆగుతుందో విమర్శకుడు చూడాలి. బొల్లిముంట శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’ 1947లో, పోరాటం సాగుతుండగానే వచ్చింది గనక అందులో తిరిగిరావడం వుండే వీలు లేదు. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ పోరాటం ముగిసిన నాలుగేళ్లకు, 1955లో వచ్చినా, అది సాయుధపోరాటానికి ముందటి ఆంధ్రమహాసభ కాలానికి వెళ్లింది. నాయకుల ఆత్మకథలు మరొక తీరున నడుస్తాయి. వాటిలో 1951 అనేది ఒక ఎత్తుగడను గురించిన వాదం. విరమణ ఒప్పా, తప్పా? ముందే విరమించవలసిందా? ఈ వాదం అవసరమైనదే. కాని దాని వెంటనే 1952 ఎన్నికలు వచ్చేస్తాయి. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. కరీంనగరునుంచి బద్దం ఎల్లారెడ్డి లోకసభకు వెళ్లాడు. నాయకులకు అడవి తర్వాత శాసనసభ వుంది, పార్టీ ఆఫీసు వుంది, పత్రిక వుంది. దళంలో అన్నం వండి, తుపాకి మోసి, వార్తలు చేరవేసిన ఆడమనిషికి అడవి తర్వాత ఏముంది?

ఈ ప్రశ్నను అడగడమే ఈ పుస్తకం చేసిన గొప్ప పని. ఇళ్లకు వెళ్లండి, పెళ్లిళ్లు చేసుకోండి, సంసారాలు చూసుకోండి అన్న సలహాను ఇందులో ఒకరికన్నా ఎక్కువమంది తలుచుకుంటారు. సలహా ఇచ్చినవాళ్లు దుర్మార్గులు కారు. వాళ్ల దృష్టిలో అది యుద్ధం ముగిశాక ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లడమే, అంతకన్నా ఏమీ కాదు. అయితే మగవాడు ఇల్లు చేరితే విశ్రాంతి. ఆడది ఇల్లు చేరితే చాకిరి. ఒకే వాక్యం ఇద్దరికి చెప్పినా దాని అర్థం ఒకటి కాదు.

దాయని ప్రియంవద కథనంలో ఇది గుండెను పిండే తీరులో కనబడుతుంది. పోరాటకాలం ఆమె జ్ఞాపకంలో ఒక వెలుగు. ఆ వెలుగు ఆరిపోయాక పడిన కుంగుబాటు మూడు దశాబ్దాల తర్వాత చెబుతున్నా తాజాగానే వుంది. కమలమ్మ బతుకు ఇంకా కఠినమైనది. దొరల ఇంట వెట్టి చేసిన కుటుంబంలో పుట్టిన ఆమె, దళంతో వుండాలంటే పసిబిడ్డను పరాయిచేతుల్లో పెట్టవలసివచ్చింది. యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న సొకొలోవును చూసి కన్నీరు పెట్టుకున్న మనం, యుద్ధం కోసం బిడ్డను వదులుకున్న ఈ తల్లిని గురించి ఎన్ని కథలు రాశాం?

మల్లు స్వరాజ్యం కథ వేరు. ఆమె తల మీద సర్కారు పదివేల రూపాయల బహుమానం ప్రకటించింది. దళ నాయకురాలిగా పనిచేసి, 1978లోనూ 1983లోనూ తుంగతుర్తినుంచి శాసనసభకు ఎన్నికయింది. ఆరుట్ల కమలాదేవి ఆలేరునుంచి మూడుసార్లు గెలిచింది. ఈ పేర్లు చెప్పి, ‘స్త్రీలకు ఉద్యమం దారి చూపలేదనడం అన్యాయం’ అనేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఇద్దరి పేర్లు చెప్పి వందలమంది మౌనాన్ని కప్పడం మార్క్సిస్టు పద్ధతి కాదు. ఒక రాజు మంచివాడని చెప్పి రాచరికాన్ని సమర్థించేవాడికి మనం ఏ జవాబు చెబుతామో, ఇక్కడా అదే జవాబు చెప్పుకోవాలి.

ఇంకొక ఆక్షేపణ వుంది. ఇది మరింత గట్టిది. ‘ఇవి వ్యక్తిగత దుఃఖాలు. లక్షల ఎకరాలు పంచిన పోరాటాన్ని కొందరి ఇంటి బాధలతో తూచడం పెటీబూర్జువా లక్షణం’ అంటారు. ఆక్షేపించేవాళ్లు ఒక సంగతి మరిచిపోతున్నారు. ఈ స్త్రీలలో ఎవరూ పోరాటాన్ని తూలనాడలేదు. ఆనాటి బతుకు తమ జీవితంలో అన్నిటికన్నా గొప్పదని చెప్పేవాళ్లే వాళ్లు. గొప్పదని చెబుతున్నారు గనకనే తర్వాతి బతుకు అంత చేదుగా వుంది. దొరగడీలో బాంచెన్ అన్న మనిషి నిలబడి మాట్లాడడం నేర్చింది. నేర్చిన తర్వాత మళ్లీ తలవంచి బతకమన్నారు. ఎప్పుడూ నిలబడనివాడికి వంగడం నొప్పి తెలియదు. కాబట్టి ఈ దుఃఖం పోరాటానికి వ్యతిరేక సాక్ష్యం కాదు. పోరాటం ఎంత లోతుకు పోయిందో, ఎక్కడ ఆగిందో రెండూ చెప్పే సాక్ష్యం. దొరగడీ తలుపు దాకా వచ్చిన విప్లవం వంటింటి గడప దగ్గర ఆగింది. నాయకుల గ్రంథాలు మొదటి సంగతి చెప్పాయి. రెండో సంగతి చెప్పడానికి ఈ స్త్రీలే నోరు విప్పవలసివచ్చింది.

పుస్తకానికి లోపాలు లేకపోలేదు. చెప్పినవాళ్లు ఎక్కువగా నల్లగొండ, వరంగల్లు, ఖమ్మం వైపువాళ్లు, హైదరాబాదు నగర స్త్రీలు, కోస్తాజిల్లాల కార్యకర్తలు. అడిగినవాళ్లు చదువుకున్న నగర స్త్రీలు. అడిగే ప్రశ్న వచ్చే జవాబును కొంత మలచక మానదు. 1951లో కలిగిన బాధ ఎంత, 1980లలోని స్త్రీవాద చైతన్యం దానికి కొత్తగా పెట్టిన పేరెంత అని వేరుచేసి చూడడం ప్రతిచోటా సాధ్యం కాదు. జ్ఞాపకం పాతకాలానికి బంగారుపూత పూస్తుందన్నదీ నిజమే. అయితే ఈ లోపాలు నాయకుల ఆత్మకథలకూ వున్నాయి. వాళ్ల జ్ఞాపకాన్ని చరిత్ర అనీ, వీళ్ల జ్ఞాపకాన్ని వలపోత అనీ పిలవడానికి మనకు ఏ హక్కూ లేదు. పాలకుర్తి చిట్యాల ఐలమ్మ, విసునూరు దేశముఖును ఎదిరించి పంట నిలబెట్టుకున్న రజక స్త్రీ, 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. పుస్తకం వచ్చింది ఆ మరుసటి ఏడు. కొంచెం ఆలస్యమయితే ఏమి పోగొట్టుకునేవాళ్లమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక ఈ పుస్తకాన్ని గొల్లపల్లిలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో కూచుని చదివే విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ ఒక మాట చెప్పాలి. మన కరీంనగరు ప్రాంతం గొంతు ఇందులో చాలా సన్నగా వినబడుతుంది. మనవైపు యుద్ధం జరగలేదని దీనికి అర్థం కాదు. 1948 మార్చిలో హుస్నాబాదు దగ్గర మహమ్మదాపురంలో అనభేరి ప్రభాకరరావు దళం నేలకొరిగింది. ఆ అమరుల పేర్లు మనకు తెలుసు. ఆ దళాలకు అన్నం పెట్టి, దాచి, దెబ్బలు తిని, తర్వాత మళ్లీ పొయ్యి ముందుకు చేరిన స్త్రీల పేర్లు మనకు తెలియవు. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. మల్లు స్వరాజ్యం కూడా 2022 మార్చి 19న వెళ్లిపోయింది. ఆనాటి పదిహేనేళ్ల పిల్ల ఇవాళ బతికివుంటే తొంభై దాటివుంటుంది.

ఈ ప్రాంతానికి రెండో జ్ఞాపకం కూడా వుంది. 1978 సెప్టెంబరు 7న రైతుకూలీలు జగిత్యాలలో జైత్రయాత్ర జరిపారు. అదే అక్టోబరులో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. మరుసటి సంవత్సరమే అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ నవల వచ్చింది. కొలిమి అంటుకోవడం మన సాహిత్యంలో నమోదయింది. కొలిమిలో కాలిన చేతులు తర్వాత ఏ పనికి మళ్లాయో ఇంకా నమోదు కావలసివుంది. ఆనాడు ఆ ఊరేగింపులో నడిచిన ఇరవయ్యేళ్ల కూలిపడుచు డెబ్బయికి దగ్గరపడుతూ, ఇవాళ ఈ ఊళ్లలోనే ఏదో ఒక అరుగు మీద చేటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుడుతూ వుండవచ్చు. ఆమె దగ్గరికి వెళ్లి కూచోవడానికి పరిశోధనా పట్టాలు అక్కర్లేదు. వినే ఓపిక కావాలి.

అయితే అడగవలసిన ప్రశ్న మాత్రం మార్చుకోవాలి. ‘ఆనాడు నువ్వు ఏం చేశావమ్మా?’ అని ఇప్పటిదాకా అడుగుతూ వచ్చాం. ‘ఇంటికి వచ్చినంక ఏమయింది?’ అని అడగడం ఈ పుస్తకం మనకు నేర్పింది. మొదటి ప్రశ్నకు జవాబు ఉద్యమం గర్వపడడానికి పనికివస్తుంది. రెండోదానికి వచ్చే జవాబు ఉద్యమం తన్ను తాను దిద్దుకోవడానికి పనికివస్తుంది. గర్వపడడానికి మనకు ఇప్పటికే చాలా పుస్తకాలున్నాయి.