ఉక్కు మీది లిపి: జర్మన్ బాయొనెట్ల సేకరణ విద్య

తుపాకీ మూతి దగ్గర బిగించడానికి వీలుగా చేసి, తూటాలు అయిపోయినప్పుడో, తిరిగి నింపుకొనే వ్యవధి లేనప్పుడో చేతికి చేరువైన శత్రువును ఎదుర్కొనేందుకు సైనికుడికిచ్చే కత్తిని బాయొనెట్ అంటారు. 1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడిన నాటి నుంచి 1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వరకు ఆ దేశపు రైఫిళ్లకు తయారైన బాయొనెట్లను సేకరించి, వర్గీకరించి, పరిశీలించడం ఐరోపా, అమెరికాలలో ఒక శాస్త్రమంతటి శ్రద్ధతో సాగుతున్న వ్యాపకం. పాత ఆయుధమంటే పదును, మెరుగు అనుకొనేవారికి వింతగా తోచవచ్చుగానీ, ఈ సేకరణలో ఆ రెండింటికీ దక్కే విలువ స్వల్పం. కత్తి తయారైన క్షణం నుంచి సైన్యం దాని మీద కొట్టిన ముద్రలు, కాలం వదిలిన గుర్తులు చెదరకుండా ఉన్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న.

నమూనాల మార్పు వెనుక యుద్ధరీతుల మార్పు ఉంది. 1871 నాటి మౌజర్ రైఫిల్‌కు ఇత్తడి పిడితో, సుమారు 47 సెంటీమీటర్ల అలుగుతో కత్తి వంటి బాయొనెట్ ఉండేది. 1884లో వచ్చిన రైఫిల్‌కు దాన్ని దాదాపు సగానికి కుదించి, 25 సెంటీమీటర్ల బాకు చేశారు. 1898లో ప్రసిద్ధమైన మౌజర్ 98 రైఫిల్ వచ్చేసరికి, ఎదుటివాడిని దూరం నుంచే అందుకోవాలన్న ఆలోచనతో అలుగు మళ్లీ 52 సెంటీమీటర్లకు పెరిగింది. సన్నగా సొగసుగా ఉన్న ఆ కత్తి తయారీకి ఖరీదైనది, వాడకంలో సున్నితమైనది కావడంతో, కొన వైపు వెడల్పయ్యే 37 సెంటీమీటర్ల మొద్దు అలుగు గల 98/05 నమూనా మొదటి ప్రపంచ యుద్ధంలో విస్తారంగా వాడుకలోకి వచ్చింది. ఇరుకైన కందకాలలో ఆ పొడవూ ఇబ్బందే అయినందున 25 సెంటీమీటర్ల 84/98 నమూనా దాని సరసన చేరి, చిన్న మార్పులతో రెండో ప్రపంచ యుద్ధాంతం వరకు కొనసాగింది.

సేకర్త ముందుగా నేర్వవలసింది కత్తిని చదవడం. శాసన పరిశోధకుడు రాతి మీది లిపిని బట్టి రాజునూ కాలాన్నీ తేల్చినట్లే, ఇతడు అలుగు వీపు మీద, అంటే వాదరకు ఎదుటి మందపాటి అంచు మీద, పిడికి సమీపంలో ఉన్న ముద్రను చూస్తాడు. కిరీటం, దాని కింద ‘డబ్ల్యు’ అక్షరం, దాని కింద 15 అనే అంకె కనిపిస్తే, అది చక్రవర్తి విల్‌హెల్మ్ పేరిట ప్రష్యా ప్రభుత్వం 1915లో స్వీకరించిన ఆయుధమని అర్థం. ‘ఎల్’ ఉంటే బవేరియా, ‘ఎఫ్‌ఏ’ ఉంటే రాజు ఫ్రీడ్రిష్ ఆగస్ట్ పేరిట సాక్సనీ. విర్టెంబర్గ్ రాజు పేరూ విల్‌హెల్మే కాబట్టి అక్షరాన్ని ఒక్కదాన్నే చూసి తేల్చడం తొందరపాటు. పిడికి ఆనుకొని అలుగు పక్క భాగంలో తయారీదారు పేరు ఉంటుంది. కత్తుల తయారీకి పేరుపడ్డ జోలింగెన్ పట్టణపు సంస్థలైన కార్ల్ ఐక్‌హోర్న్, అలెక్స్ కోపెల్ వంటివి ఇక్కడ తరచుగా కనిపిస్తాయి. ఎర్ఫుర్ట్‌లోని ప్రభుత్వ కర్మాగారం, జూల్ పట్టణపు జిమ్సన్ సంస్థ కూడా వీటిని తయారుచేశాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తయారీ కేంద్రాలు శత్రువుకు తెలియకుండా పేర్లకు బదులు సంకేతాలు వేశారు. ‘సీఓఎఫ్’ అనే మూడక్షరాలు ఐక్‌హోర్న్‌వే.

పిడికీ అలుగుకూ మధ్యనున్న అడ్డపట్టీ మీద రెజిమెంటు, కంపెనీ, ఆయుధపు వరుససంఖ్య చెక్కి ఉంటే ఆ కత్తి వెల పెరుగుతుంది. అది ఎక్కడో తయారైన వేలాది కత్తుల్లో ఒకటి కావడం మానేసి, ఫలానా దళంలో ఫలానా సైనికుడి నడుమున వేలాడిన వస్తువవుతుంది. మొదటి యుద్ధం తరువాత కుదించిన సైన్యం తన దగ్గర ఉంచుకొన్న ఆయుధాలపై 1920 అని ముద్ర వేసింది. పాత ముద్ర పక్కన ఇది కనిపిస్తే, ఓడిపోయిన సామ్రాజ్యపు ఆయుధం గణతంత్రం చేతికి మారిన వైనం ఒక్క చోటే దొరుకుతుంది. అలుగు మీది సంఖ్య ఒర మీద కూడా ఉండడం శుభలక్షణమే. అయితే సంఖ్యలు కలవని జతను విడదీసి, మరో ఒరతో కలిపి ‘సరిచేసే’ అలవాటు మాత్రం ఖండించదగినది. ఆ తారుమారు యుద్ధకాలంలో మరమ్మతు శాలలోనే జరిగి ఉండవచ్చు. అప్పుడు దాన్ని చెరిపివేయడమంటే సాక్ష్యాన్ని చెరిపివేయడమే.

అన్నిటికన్నా ఎక్కువ అపార్థానికి గురైనది రంపపు పళ్ల బాయొనెట్. 98/05 నమూనాలో కొద్ది భాగానికి మాత్రమే అలుగు వీపు మీద రెండు వరుసల పళ్లు తీశారు. అవి కంచెలకు, వంతెనలకు, కందకాలకు కలప కోసే పనిముట్టుగా ఉద్దేశించినవి. ఆ పళ్లను చూసిన శత్రుసైన్యాలు వాటిని క్రూరత్వానికి గుర్తుగా ప్రచారం చేశాయి. అటువంటి కత్తితో పట్టుబడినవాడికి ప్రాణం దక్కదన్న భయం జర్మన్ సైనికుల్లో ఎంతగా పాకిందో రెమార్క్ 1929 నాటి నవల ‘ఆల్ క్వైట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్’లో కూడా కనిపిస్తుంది. 1917లో వీటిని ముందువరుస నుంచి ఉపసంహరించారు, చాలావాటి పళ్లను సాన పట్టి తొలగించారు. అలా తొలగించిన అలుగు వీపు పిడి దగ్గర ఎత్తుగా ఉండి, పళ్లు మొదలైన చోట ఒక చిన్న మెట్టు దిగుతుంది. ఆ మెట్టును వేలితో తడిమి గుర్తుపట్టగలవాడికి, పళ్లున్న కత్తికన్నా పళ్లు పోయిన కత్తే ఎక్కువ చెబుతుంది.

కొరత కూడా తన ముద్ర వేసింది. తుపాకీ పేలినప్పుడు వెలువడే మంట పిడి చెక్కలను కాల్చివేస్తున్నందున యుద్ధం మధ్యలో పిడి వీపున ఒక ఉక్కు రేకు అమర్చారు. దాన్ని బట్టి మొదటి దశ కత్తులను తరువాతి వాటి నుంచి వేరుచేస్తారు. 1914లో ఒక్కసారిగా లక్షలాది మందిని సమీకరించవలసి రావడంతో చెక్క లేకుండా పిడిని సైతం ఉక్కుతోనే చేసి, రంగు పూసి పంపిన ప్రత్యామ్నాయ బాయొనెట్లు వచ్చాయి. అందంలో ఇవి వెనుకబడ్డవే అయినా రకాల వైవిధ్యంలో వీటికి సాటి లేదు; ఒక దేశం ఉక్కిరిబిక్కిరవుతున్న తీరు వీటిలోనే బాగా తెలుస్తుంది.

విలువ ఉన్న చోట నకిలీ తప్పదు. మామూలు అలుగుకు కొత్తగా పళ్లు కోయడం, ఖాళీగా ఉన్న అడ్డపట్టీపై దళం గుర్తులు కొట్టడం ఎక్కువగా జరిగే మోసాలు. పాత ముద్ర అంచులు లోహంతోపాటే అరిగి, అడుగున అదే గోధుమరంగు తేరి ఉంటాయి. కొత్త ముద్ర లోపల లోహం మెరుస్తుంది, లేదా ఆమ్లంతో తెచ్చిన ఒకే రకపు నలుపు కనిపిస్తుంది. అందుకే తుప్పు వదిలించే పేరుతో కత్తిని తళతళలాడేలా రుద్దడం మహాపరాధం: ముద్రలు పలచబడతాయి, ప్రామాణికతను నిరూపించే ఆ రంగు శాశ్వతంగా పోతుంది. ఎర్రగా పొడిరాలే తుప్పును మాత్రం నూనెలో నానబెట్టి మెత్తని దానితో నెమ్మదిగా తీసి, పలచగా మైనం పట్టించాలి. తోలు తేమను పట్టి ఉక్కును తినివేస్తుంది కాబట్టి తోలు ఒరలో కత్తిని ఏళ్ల తరబడి ఉంచకూడదు. లోపల ఏముందో చూడాలన్న కుతూహలంతో పిడి మరలు విప్పితే, వాటి గాళ్లు చెడి, ఎవరో చేయి పెట్టారన్న అనుమానం ఆ కత్తిని ఎప్పటికీ వదలదు.

నాజీ కాలపు చిహ్నాలున్న వస్తువులను బహిరంగంగా ప్రదర్శించడాన్ని జర్మనీ చట్టం కట్టడి చేస్తుంది. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద చేసిన నియమాలు బాయొనెట్లను పదునైన ఆయుధాల కోవలో పేర్కొన్నాయి. విదేశాల నుంచి తెప్పించుకోదలచిన తెలుగు సేకర్తలు లైసెన్సు, కస్టమ్స్ నిబంధనలను డబ్బు చెల్లించక ముందే తెలుసుకోవడం అవసరం.