విజేత కథకు పాఠకుల తూకం: గౌతమీపుత్ర శాతకర్ణి

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• చారిత్రక కల్పనపై పాఠకులు చెప్పే అభిప్రాయాలను వర్గీకరించగలుగుతారు.
• ఒక రచనను చారిత్రక ఆధారాల పక్కన పెట్టి విమర్శించగలుగుతారు.
• "బాగుంది", "బాగాలేదు" అనే మాటలను దాటి, మీ అభిప్రాయానికి కారణం చెప్పగలుగుతారు.

1. పరిచయం

పెగడపల్లి ఉన్న జగిత్యాల జిల్లాలోనే, గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుడి నాణేలు అక్కడ దొరికాయి. వాటిపై అతని పేరు 'చిముక' అని కనిపిస్తుంది. అతనికి ముందరివారుగా భావించే గోబద, నారన, కంవాయసిరి, సమగోప అనే పాలకుల నాణేలు కూడా అక్కడివే. ఈ నాణేల ఆధారంగా పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పరిశోధకులు శాతవాహనుల తొలి చరిత్రను ఈ ప్రాంతంతో ముడిపెట్టారు.

ఆ వంశంలో గొప్ప విజేతగా పేరుపొందినవాడు గౌతమీపుత్ర శాతకర్ణి. అతని కథ ఈ ప్రాంతపు పాఠకులకు ఎక్కడో దూరాన ఉన్న రాజు కథలా తోచదు. ఆ దగ్గరితనం వల్ల కథ మీద ఆసక్తి పెరుగుతుంది. అదే దగ్గరితనం వల్ల విమర్శ కష్టమవుతుంది. మనవాడనుకున్న రాజు గురించి రాసినదాన్ని నిష్పక్షపాతంగా తూచడం సులభం కాదు.

2. పాఠకులు వాడే మూడు తూకాలు

చారిత్రక కల్పన నవలకే పరిమితం కాదు. నాటకం, సినిమా కూడా ఈ కోవలోకి వస్తాయి. శాతకర్ణి కథను ఎక్కువమంది తెలుగువారికి చేర్చింది సినిమానే. క్రిష్ దర్శకత్వంలో బాలకృష్ణ నూరో చిత్రంగా 'గౌతమీపుత్ర శాతకర్ణి' 2017 జనవరిలో విడుదలైంది. ఇలాంటి రచనలపై సాధారణంగా వినిపించే అభిప్రాయాలను మూడు తూకాలుగా విడదీయవచ్చు.

మొదటిది నిజం తూకం: "ఇది చరిత్రలో జరిగిందా?" రెండోది సొంతం తూకం: "ఇందులో మన ప్రాంతానికి దక్కాల్సిన పేరు దక్కిందా?" మూడోది రసం తూకం: "కథ మనసును పట్టుకుందా?"

ఈ మూడూ న్యాయమైన ప్రశ్నలే. కానీ ఏ ఒక్కదానితోనూ విమర్శ పూర్తికాదు. నిజం తూకమే వాడితే నవలను పాఠ్యపుస్తకంలా చదువుతాం. సొంతం తూకమే వాడితే రాజధాని అమరావతా, పైఠానా, కోటిలింగాలా అన్న వాదం దగ్గరే ఆగిపోతాం. రసం తూకమే వాడితే యుద్ధ సన్నివేశాల హోరులో అసలు ప్రశ్నలు మరిచిపోతాం. అందుకే నాలుగో ప్రశ్న ఒకటి అవసరం: విజేతను పొగిడే మాటల వెనక ఏముందో ఈ రచన చూడగలిగిందా?

3. ఆధారాలు ఏం చెబుతున్నాయి?

శాతకర్ణి కీర్తికి ముఖ్య ఆధారం నాసిక్ గుహలోని శాసనం. దాన్ని వేయించినది అతని తల్లి గౌతమీ బాలశ్రీ. మనుమడు పులుమావి పాలన 19వ ఏట ఆమె బౌద్ధ భిక్షువులకు గుహను దానం చేస్తూ కొడుకు గుణగణాలను చెక్కించింది. శక, యవన, పహ్లవులను నాశనం చేశాడని, క్షహరాత వంశాన్ని పెకలించాడని, అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయని అందులో ఉంది. ఇది చరిత్రకు ఆధారమే. అయినా ఒక తల్లి తన కొడుకు గురించి చెప్పించిన ప్రశస్తి అన్న సంగతి మరవకూడదు. శాతకర్ణి కథలో తొలి అతిశయోక్తి నవలాకారులదీ కాదు, సినిమా వాళ్లదీ కాదు. అది రాతి మీదే ఉంది.

విజయానికి మరో సాక్ష్యం నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో దొరికిన వెండి నాణేల రాశి. ఉన్నవి 13 వేలకు పైగా నహపాణుడి నాణేలు. వాటిలో సుమారు మూడింట రెండు వంతుల మీద శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. ఓడినవాడి ముఖం మీద గెలిచినవాడి గుర్తు పడింది.

మూడో ఆధారాన్ని పాఠకులు అంతగా పట్టించుకోరు. శాతకర్ణి తన 18వ పాలనా సంవత్సరంలో, అంతవరకు ఉషవదాతుడి అధీనంలో ఉన్న పొలాన్ని నాసిక్ భిక్షువులకు ఇచ్చాడు. ఉషవదాతుడు నహపాణుడి అల్లుడు. తరవాత 24వ సంవత్సరంలో మరో శాసనం వచ్చింది. కాఖడి అనే ఊళ్లో ఇంతకుముందు ఇచ్చిన పొలం సాగు కావడం లేదని, ఊళ్లో మనుషులే లేరని, అందుకు బదులుగా వేరేచోట 100 నివర్తనాల భూమి ఇస్తున్నామని దాని సారాంశం. ఊరు ఎందుకు ఖాళీ అయిందో శాసనం చెప్పదు. యుద్ధమా, కరువా, వలసా? చారిత్రక కల్పన మొదలుకావలసిన చోటు ఇదే.

4. రెండు రచనలు, రెండు దారులు

సినిమాలో చివరి శత్రువు గ్రీకు రాజు డిమిట్రియస్. చరిత్రలోని బాక్ట్రియా డిమిట్రియస్ క్రీ.పూ. 2వ శతాబ్దపు తొలినాళ్లవాడు. శాతకర్ణి అతనికి చాలా తరాల తరవాతివాడు. నిజం తూకం వాడే పాఠకులు ఈ తప్పును పట్టుకుంటారు. అది సరైన ఆక్షేపణే. అయితే విమర్శకులు ఇంకో అడుగు ముందుకు వెయ్యాలి. ఈ మార్పు కథకు ఏం చేసింది? దేశం మీదికి వచ్చిన పరాయివాడిని చివర్లో నిలబెట్టడంతో, అంతకుముందు జరిగిన దండయాత్రలన్నీ ఆత్మరక్షణలా కనిపిస్తాయి. దండెత్తినవాడు కాపాడినవాడైపోతాడు.

నిజానికి శత్రుపక్షం అంత పరాయిది కాదు. ఉషవదాతుడు బౌద్ధులకు గుహ తొలిపించాడు, బ్రాహ్మణులకు గోదానాలు చేశాడు. ఈ సంగతి నాసిక్ శాసనాలే చెబుతాయి. ఇద్దరూ ఒకే కొండమీది భిక్షువులకు దానాలు చేసినవాళ్లు. ఈ చిక్కును కథలోకి తెచ్చివుంటే విజేత పాత్ర ఇంకా లోతుగా ఉండేది. పసికొడుకును యుద్ధభూమికి తీసుకుపోవద్దని వాశిష్ఠి అడ్డుపడే ఘట్టంలో సినిమా ఆ లోతుకు దగ్గరగా వస్తుంది. గెలుపుకు ఇంట్లోవాళ్లు కట్టే వెల ఎంతో అక్కడ తెలుస్తుంది. ఈ చిత్రానికి బలమైన చోటు అదే.

అడివి బాపిరాజు 'హిమబిందు' నవలది మరో దారి. శాతవాహన కాలాన్ని తీసుకున్నా, కథను చక్రవర్తి చుట్టూ మాత్రమే తిప్పదు. వర్తకుడి కూతురు హిమబిందు, శిల్పి సువర్ణశ్రీ కథకు కేంద్రమవుతారు. రాజ్యం, మతం, కుట్ర వాళ్ల ప్రేమ మీద ఎలా పడతాయో చూస్తాం. ఇందులో ఊహ ఎక్కువ, శృంగార వర్ణన ఎక్కువ అని ఆక్షేపించవచ్చు. అయినా రాజుల కాలాన్ని రాజు కాని మనిషి వైపు నుంచి చూడవచ్చని ఈ నవల చూపింది. శాతకర్ణి మీద అలాంటి కథ రావాలంటే కాఖడి రైతును తలుచుకోవాలి.

5. సంగ్రహం

కోటిలింగాల మనదన్న గర్వం తప్పు కాదు. ఆ గర్వం రచనలోని లోపాలను కప్పిపెట్టినప్పుడే అది విమర్శకు అడ్డు. చిముక నాణెం ఒక రాజు పేరు చెబుతుంది. దాన్ని తయారుచేసిన పనివాడి పేరు చెప్పదు. శాసనం గెలుపును చెబుతుంది. ఖాళీ అయిన ఊరి వాళ్లు ఎక్కడికి పోయారో చెప్పదు. ఆ చెప్పని మాటలను వెతికిన రచనకు, తేదీల్లో పొరపాట్లున్నా, మంచి మార్కులు వేయవచ్చు. ప్రశస్తినే పెద్ద గొంతుతో తిరిగి చదివిన రచనకు, తేదీలన్నీ సరిగ్గా ఉన్నా, అంత విలువ ఇవ్వలేం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చారిత్రక కల్పనపై పాఠకులు వాడే మూడు తూకాలు ఏవి? ఒక్కొక్కదాని పరిమితి రాయండి.
2. గౌతమీ బాలశ్రీ శాసనాన్ని ప్రశస్తిగా ఎందుకు చదవాలి?
3. మీకు తెలిసిన ఒక విజేత కథను తీసుకుని, అందులో ఓడినవారికి దక్కిన చోటును పది వాక్యాల్లో విమర్శించండి.