ఒక ప్రక్కకు లాగెడి కారు : వాడుకలోనున్న పరీక్షలపై విమర్శ

సెకండ్ హ్యాండ్ కారు కొనదలచినవారు సాధారణముగా ఒక పరీక్ష చేయుదురు. ఖాళీ రోడ్డుమీద బండిని తిన్నగా పోనిచ్చి, స్టీరింగును ఒక క్షణము వదలి చూతురు. బండి ప్రక్కకు పోయినచో "అలైన్‌మెంటు పోయినది" అందురు. పోకున్నచో "బండి బాగున్నది" అని బేరము ముగింతురు. ఈ పరీక్షయు, దానినుండి తీయు నిర్ణయమును, రెండును శాస్త్రదృష్టితో పరిశీలింపదగినవి. ఏలయన, పరీక్ష ఎంత సులభముగా కనబడునో, దానినుండి తప్పు నిర్ణయము తీయుట అంత సులభము.

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో ఈ విషయమునకు మరింత ప్రాముఖ్యము గలదు. గిద్దలూరునుండి నంద్యాల వైపు పోవు రోడ్డు దిగువమెట్ట దాటి నల్లమల అడవిలో ప్రవేశించి, మలుపులు తిరుగుచు కనుమ దాటి, గాజులపల్లె వైపు దిగును. చదునైన రోడ్డుమీద కొద్దిపాటి చికాకుగా తోచు లాగుడు, అటువంటి దిగుడులో బ్రేకు నొక్కినప్పుడు ప్రాణాపాయము కావచ్చును.

మొదట "చేయి వదలి చూచుట" అను పరీక్షనే చూతము. ఏ రోడ్డును సంపూర్ణముగా చదునుగా ఉండదు. వాననీరు నిలువకుండుటకై నడుమ ఎత్తుగను, అంచులవైపు వాలుగను నిర్మింతురు. భారత రోడ్డు కాంగ్రెసు ప్రమాణముల ప్రకారము, తారు రోడ్డు రకమునుబట్టియు, ఆ ప్రాంతపు వర్షపాతమునుబట్టియు ఈ వాలు 1.7 నుండి 2.5 శాతము వరకు ఉండును. వాలు 2 శాతము, అనగా 50 అడుగులకు 1 అడుగు, అనుకొందము. మనుషులతో కూడ 1,000 కిలోగ్రాములు తూగు కారును భూమ్యాకర్షణ అంచువైపు లాగు బలము 1,000 × 9.8 ÷ 50 = 196 న్యూటనులు. అనగా ఇంచుమించు 20 కిలోల బియ్యపు మూట బరువంత బలము ఎల్లవేళల ప్రక్కనుండి పనిచేయుచున్నదన్నమాట. మన దేశమున బండ్లు రోడ్డుకు ఎడమవైపున పోవును గనుక, ఏ దోషము లేని కారైనను స్టీరింగు వదలినచో మెల్లగా ఎడమకు జరుగుట సహజము.

"పోవునప్పుడును, వచ్చునప్పుడును ఎడమకే లాగినది, కావున దోషము బండిదే" అని కొందరు వాదింతురు. వినుటకు ఈ వాదము బలముగానే ఉన్నది. కాని తిరిగి వచ్చునప్పుడు బండి రోడ్డు రెండవ సగముమీద వచ్చును. ఆ సగము దానికి మరల ఎడమవైపుననే వాలియుండును. పరిస్థితి మారినట్లు కనబడినదే గాని మారలేదు! పలకలకు పేరుపొందిన మార్కాపురము ప్రాంతపు బడులలో దీనిని తేలికగా చూపవచ్చును. రెండు పలకలను ఇంటికప్పు వలె కొద్దిగా వాల్చి ప్రక్కప్రక్కన పెట్టి, ఒకదానిమీద ముందుకును, రెండవదానిమీద వెనుకకును గోలీని దొర్లించవలెను. రెండు పర్యాయములును గోలీ తాను పోవు దిక్కునకు ఎడమవైపుననే జారును. గోలీలో దోషమేమియు లేదు గదా!

కావున సరియైన పరీక్ష వేరు. విశాలమైన గట్టి నేలమీద, ఒకే జాడలో, ఇటునుండి అటును, అటునుండి ఇటును మెల్లగా నడిపి చూడవలెను. పోవునప్పుడు ఎడమకును, వచ్చునప్పుడు కుడికిని లాగినచో దోషము నేలవాలుది. రెండు దిక్కులను బండికి ఎడమవైపుననే లాగినచో దోషము బండిది. జనసంచారముగల రోడ్డుమీద చేతులు పూర్తిగా వదలుట ఎన్నడును తగదు. స్టీరింగును వ్రేళ్లతో తేలికగా పట్టుకొని, తిన్నగా నడుపుటకు ఏ వైపు నొక్కవలసివచ్చుచున్నదో గ్రహించిన చాలును.

ఇక "అలైన్‌మెంటు" అను నిర్ణయము. వీల్ అలైన్‌మెంట్ యంత్రము నిలిచియున్న బండి చక్రముల కోణములను కొలుచును. అది చెప్పు అంకెలు ఉపయోగకరములే. కాని అడిగిన ప్రశ్నకే అది జవాబు చెప్పును. బ్రేకు పట్టివేసిన సంగతిగాని, టైరు లోపలి వంకరగాని ఆ కోణములలో కనబడవు. అంతేకాక కోణములన్నియు ఒకే ఫలితము నీయవు. ముందు చక్రములు లోపలికో వెలుపలికో మొగము త్రిప్పియుండుటను "టో" అందురు. పలుచోట్ల ముఖ్యముగా సరిచేయునది దీనినే. ఇది చెడినచో టైరులు త్వరగా అరుగును, స్టీరింగు వంకరగా నిలుచును. కాని నడుచునప్పుడు ఆ తేడాను రెండు ముందు చక్రములును పంచుకొనును గనుక, నిలకడగా ఒకే వైపు లాగుటకు అది సాధారణముగా కారణము కాదు. స్టీరింగు వంకరగా నుండుట వేరు, బండి లాగుట వేరు.

లాగుడు కలిగించునది కాంబరు, అనగా చక్రము పైభాగము లోపలికో వెలుపలికో వాలియుండుట. ఎడమ, కుడి చక్రముల వాలు సమానమైనచో రెండింటి ప్రభావము పరస్పరము చెల్లిపోవును. తేడా ఉన్నచో, పైభాగము ఎక్కువ వెలుపలికి వాలిన చక్రమువైపు బండి పోవును. అడుగు సన్నగా, మూతి వెడల్పుగా ఉండు స్టీలు గ్లాసును నేలపై దొర్లించినచో అది తిన్నగా పోక సన్నని అడుగువైపు వంగి తిరుగును. వాలిన చక్రమును అట్టి గ్లాసునుండి కోసిన ముక్కగా భావింపవచ్చును. తయారీలోనో, వాడుకలోనో ఒక అంచు సన్నగిల్లిన టైరును ఇట్లే ప్రవర్తించును. పలు చిన్న కార్లలో కాంబరును స్క్రూ త్రిప్పి మార్చుటకు వీలుండదు. అది చెడినదనగా ఏదో భాగము వంగినదో, అరిగినదో అని అర్థము. సెకండ్ హ్యాండ్ కారులో అది పాత ప్రమాదమునకు సాక్ష్యము కావచ్చును. దానిని విచారింపక ఊరక సర్దుబాటు చేయించుట సాక్ష్యమును చెరిపివేయుటయే.

అన్నిటికంటె చౌకయైన కారణము గాలి. గాలి తక్కువైన టైరు ఎక్కువగా నలిగి, దొర్లుటకు ఎక్కువ నిరోధము చూపును. బండి ఆ వైపునకు లాగును. ఇక్కడను ఒక పొరపాటు జరుగును. "30 గాలి" అనునది చదరపు అంగుళమునకు 30 పౌనుల పీడనము. వాతావరణ పీడనము 14.7 కలిపినచో 44.7. ఉష్ణోగ్రత 27 డిగ్రీల సెంటీగ్రేడునుండి 47 డిగ్రీలకు, అనగా 300 కెల్విన్లనుండి 320 కెల్విన్లకు పెరిగినచో, వాయు నియమము ప్రకారము మొత్తము పీడనము 47.7 అగును, గేజి 33 చూపును. ఒక ప్రక్క ఎండలో, ఒక ప్రక్క నీడలో నిలిపిన బండికి వేసవి మధ్యాహ్నము గాలి సరిచూచి "సమానము" చేయించినచో, చల్లబడిన తరువాత అసమానత తేలును. కావున ఉదయము, బండి నడువకముందు, రెండు ప్రక్కలను ఒకే గేజితో కొలువవలెను.

బ్రేకు విషయము అన్నిటికంటె ప్రమాదకరము. ఒక చక్రమున బ్రేకు విడువక పట్టియున్నచో బండి ఎల్లప్పుడు ఆ వైపునకు లాగును. కొంత దూరము నడిపిన పిదప ఆ చక్రము మిగతవాటికంటె వేడిగా నుండును. చేయి తాకించక, దగ్గరగా పెట్టి గ్రహింపవలెను. జాకీపై ఎత్తి త్రిప్పినను తెలియును. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే కుడికి లాగినచో, కుడి బ్రేకు చెడినదని తొందరపడరాదు. చాలసార్లు పనిచేయనిది ఎడమ బ్రేకు, పనిచేయుచున్నది కుడిది!

1843లో ప్రచురించిన తర్కశాస్త్ర గ్రంథములో జాన్ స్టూవర్ట్ మిల్ "భేద పద్ధతి"ని వివరించెను. తక్కిన పరిస్థితులన్నియు అట్లే ఉంచి, ఒక్కదానినే మార్చి, ఫలితము మారినదేమో చూచుట దాని సారము. ముందు టైరులను ఎడమ కుడులు మార్చుట దీనికి చక్కని ఉదాహరణము. లాగుడు దిక్కు మారినచో దోషము టైరుది. మారకున్నచో కారణము మరెక్కడనో ఉన్నది. త్రిరుగవలసిన దిక్కు బాణముతో గుర్తించిన టైరులకు మాత్రము ఈ మార్పు పనికిరాదు. ఒకేనాడు గాలి నింపి, టైరులు మార్చి, అలైన్‌మెంటు చేయించినచో లాగుడు పోవచ్చును. కాని ఎందువలన పోయినదో ఎవరికిని తెలియదు. అది మరల వచ్చినప్పుడు ఖర్చు మొదటినుండి ఆరంభమగును.

అనుభవముగల మెకానిక్ చెవితోను, చేతితోను గ్రహించు సంగతులు తక్కువవి కావు. ఇక్కడ విమర్శింపబడునది ఆ అనుభవము కాదు. ఒక్క లక్షణము చూచి ఒక్క పేరు చెప్పు అలవాటు. నేలవాలు, గాలి, టైరు, బ్రేకు, ఆ పిదప కోణములు: ఈ క్రమమున, ఒక్కొక్కటిగా విచారించినచో మొదటి పరీక్షలకు దాదాపు ఖర్చే లేదు. ఉపాధ్యాయులు బల సమతుల్యతను బోధించునప్పుడు బొమ్మలోని బాణములతో ఆగక, రెండు పలకలు, ఒక గోలీ, ఒక గ్లాసు తెచ్చి "ఈ బలము ఎచ్చటినుండి వచ్చినది?" అని అడుగుట మేలు. ఆ ప్రశ్న నేర్చిన విద్యార్థి రేపు కారు కొనునప్పుడు డబ్బు మాత్రమే కాదు, కనుమ రోడ్డుమీద తనవారి ప్రాణములను గూడ కాపాడుకొనగలడు.