పాత కారుకు కొత్త గాలి

మే నెల మధ్యాహ్నం పంజాగుట్ట ట్రాఫిక్‌లో పాత అంబాసిడర్ ఇరుక్కుందంటే, నడిపేవారి చూపు టెంపరేచర్ ముల్లు మీద నుంచి కదలదు. ఊరి బయట అరవైలో పోతున్నంతసేపూ నిలకడగా ఉన్న ముల్లు, బండి ఆగిన కాసేపటికే పైకి పాకడం మొదలుపెడుతుంది. ఇంజన్‌లో ఏ లోపమూ లేకపోయినా ఇలా జరగొచ్చు. ఆ బండిని గీసినవాళ్లు ఇంతటి ఎండనూ, ఇంత రద్దీనీ ఊహించలేదు.

అంబాసిడర్‌కు మూలం 1956లో ఇంగ్లండ్‌లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ మొదలుపెట్టిన తయారీ 2014 దాకా సాగింది. దశాబ్దాల పాటు దాన్ని నడిపించిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌లో ఫ్యాన్‌ది చాలా సాదా ఏర్పాటు. క్రాంకు పుల్లీ నుంచి వచ్చే బెల్టు వాటర్ పంపునీ, డైనమోనీ తిప్పుతుంది. పంపు పుల్లీకే ఫ్యాన్‌ను బోల్టులతో బిగిస్తారు. వైరు, స్విచ్ ఏమీ అక్కర్లేదు. బెల్టు తెగనంత కాలం ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది.

చిక్కంతా ఆ ముడిలోనే ఉంది. ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే ఫ్యాన్ అంత వేగంగా తిరుగుతుంది. బండి ఆగి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఎదురుగాలి ఉండదు, గాలి అవసరమంతా ఫ్యాన్ మీదే పడుతుంది. సరిగ్గా అప్పుడే అది నెమ్మదిగా తిరుగుతుంది. హైవే మీద ఎదురుగాలే సరిపోతున్నప్పుడు మాత్రం జోరుగా తిరిగి ఇంజన్ బలాన్ని తింటుంది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది లాగే శక్తి దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. యాభై హార్స్‌పవర్ చుట్టూ ఉండే ఇంజన్‌కు అది చిన్న బరువేమీ కాదు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఈ ముడిని విప్పేస్తుంది. ఇంజన్ వేగంతో పని లేకుండా, నీళ్ల వేడిని బట్టి తిరుగుతుంది, ఆగుతుంది. అంబాసిడర్ ఇంజన్‌లాగే బీఎంసీ బి-సిరీస్ కుటుంబానికి చెందిన ఇంజన్‌తో నడిచే ఎంజీబీ స్పోర్ట్స్ కారుకు 1977 మోడల్ నాటికి కంపెనీయే ఎలక్ట్రిక్ ఫ్యాన్లు అమర్చింది. కాబట్టి ఈ మార్పు పాత బండి స్వభావానికి విరుద్ధమన్న వాదన నిలవదు.

అయితే మంచి మెకానిక్ ఎవరూ ఫ్యాన్‌తో పని మొదలుపెట్టరు. ముందు ఒక ప్రశ్న అడుగుతారు: బండి ఎప్పుడు వేడెక్కుతోంది? ఆగినప్పుడు వేడెక్కి, కదలగానే చల్లబడితే గాలి చాలడం లేదని అర్థం. నిలకడగా పరుగెడుతుంటే వేడెక్కితే ఫ్యాన్ మార్చినా ఫలితం ఉండదు. నీటి ప్రవాహం, రేడియేటర్, థర్మోస్టాట్, ఇగ్నిషన్ టైమింగ్ చూడాలి. మన దగ్గర బోరు నీళ్లు పోసి పోసి రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకున్న బళ్లు ఎన్నో. పాత ఇత్తడి, రాగి రేడియేటర్‌కు ట్యాంకులు విప్పి, ఒక్కో గొట్టంలో సన్నటి ఉక్కు రేకు దించి మట్టి, సున్నం తీసి, మళ్లీ సోల్డర్ పెట్టగల పనివాళ్లు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇంకా ఉన్నారు. రేడియేటర్ మూతనూ చిన్నచూపు చూడకూడదు. ఏడు పౌండ్ల మూత సరిగా పట్టుకుంటే నీళ్లు మరిగే వేడి వందకు పైన మరో పది డిగ్రీలు పెరుగుతుంది. ఇవన్నీ చక్కబడ్డాక కూడా ట్రాఫిక్‌లో ముల్లు ఎక్కుతుంటే, అప్పుడు ఫ్యాన్ వంతు.

బిగించే తీరులోనే పనితనం తెలుస్తుంది. చోటుంటే ఫ్యాన్‌ను రేడియేటర్ వెనక, ఇంజన్ వైపు పెట్టి గాలి లాగేలా చేయడం మేలు. ముందు పెడితే ఎదురుగాలికి కొంత అడ్డం వస్తుంది. చుట్టూ ష్రౌడ్, అంటే గాలిని మళ్లించే తొడుగు, ఉండాలి. లేకపోతే ఫ్యాన్ తన గుండ్రటి మేర నుంచే గాలి లాగుతుంది, రేడియేటర్ నాలుగు మూలలూ ఊరికే ఉండిపోతాయి. రేడియేటర్ రెక్కల సందుల్లోంచి ప్లాస్టిక్ ట్యాగులు దూర్చి కట్టేసే అలవాటు ఒకటుంది. అదురుకు ఆ ట్యాగులు గొట్టాలను ఒరుసుకుని చివరకు చిల్లు పెడతాయి. రేడియేటర్‌ను పట్టి ఉంచే బోల్టులకే ఇనప పట్టీలు తగిలించి, వాటికి ఫ్యాన్ బిగించడం పద్ధతి. బాడీకి కొత్త రంధ్రం ఒక్కటీ పడదు. పాత ఫ్యాన్ తీసేశాక పుల్లీకి అవే పొడవు బోల్టులు వాడకూడదు, లోపలికి దిగి పంపు బాడీకి తగులుతాయి. వాషర్లు వేయాలి, లేదా పొట్టి బోల్టులు పెట్టాలి.

ఇక కరెంటు పని. ఇలాంటి ఫ్యాన్ పది ఆంపియర్ల వరకు లాగుతుంది, తిరగడం మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. ఆ కాలపు డైనమోలు జోరు మీద ఇచ్చేదే ఇరవై ఆంపియర్ల చుట్టూ. ఐడ్లింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వవు. రాత్రి ట్రాఫిక్‌లో హెడ్‌లైట్లు, ఫ్యాన్ కలిసి బ్యాటరీని ఖాళీ చేసేస్తాయి. అందుకే డైనమో ఉన్న బండికి ముందు ఆల్టర్నేటర్ పెట్టాలి. ఫ్యాన్ కరెంటు డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా పోకూడదు. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలే, రిలే నుంచి ఫ్యాన్ వరకు మందపాటి వైరు వేయాలి. రిలేను పలికించే పని థర్మో స్విచ్‌ది. ఎనభై రెండు డిగ్రీల చుట్టూ తెరుచుకునే థర్మోస్టాట్ ఉన్న బండికి, పై హోస్‌లో తొంభై దాటాక కలిసే స్విచ్ నప్పుతుంది. అంతకంటే తక్కువకు పెడితే ఫ్యాన్‌కు విరామమే ఉండదు. పై హోస్‌ను కోసి మధ్యలో లోహపు గొట్టం పెట్టి స్విచ్ బిగించినప్పుడు, ఆ గొట్టానికి విడిగా ఎర్త్ వైరు ఇవ్వడం మరవకూడదు. రెండు వైపులా రబ్బరే కాబట్టి ఎర్త్ దానంతట అది అందదు.

పాత బళ్లలో పాజిటివ్ ఎర్త్ ఉన్నవీ, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపినవీ, ఉంటాయి. అది గమనించకుండా వైర్లు కలిపితే మోటారు వెనక్కి తిరిగి గాలిని ఎదురు తోస్తుంది. దీనికి తేలికైన పరీక్ష ఒకటుంది. ఫ్యాన్ వేసి, గ్రిల్ వైపు నుంచి రేడియేటర్ మీద ఒక న్యూస్‌పేపర్ ఆనించాలి. చెయ్యి తీసినా కాగితం అతుక్కునే ఉంటే గాలి సరిగా లాగుతోందన్నమాట. పడిపోతే వైర్లు మళ్లీ చూడాలి.

పాత కారును పుట్టినప్పటిలాగే ఉంచాలనే వాళ్ల పట్టుదలను నేను గౌరవిస్తాను. కానీ వేడికి జడిసి ఏడాదిలో సగం రోజులు షెడ్డులో కప్పి ఉంచిన కారు నెమ్మదిగా పాడవుతుంది. బ్యాటరీ నిద్రపోతుంది, బ్రేకులు పట్టేస్తాయి, హోసులు ఎండి పగుళ్లిస్తాయి. నడిచే బండే నిలుస్తుంది. దాని వల్లే రేడియేటర్ సోల్డర్ చేసేవారికీ, పాత వైరింగ్ చదవగల ఎలక్ట్రీషియన్‌కూ పని దొరుకుతుంది, ఆ విద్య మరొకరికి అందుతుంది. బాడీకి గాయం చేయని, ఎప్పుడైనా విప్పేయగల మార్పు చరిత్రకు ద్రోహం చేయదు. తీసిన పాత ఫ్యాన్‌నూ బోల్టులనూ భద్రపరచండి. కొత్త వైరింగ్ బొమ్మను కాగితం మీద గీసి ఆర్‌సీతో పాటు ఉంచండి. రేపు ఆ కారు ఎవరి చేతికి వెళ్లినా, పాత పద్ధతి కావాలో కొత్తది కావాలో వాళ్లే తేల్చుకోగలగాలి.