ఉపమానం ఋజువు కాగలదా? ప్రయోగశాలలో ఘటనా క్షితిజాలు

2019 మే నెలలో, ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్ స్టైన్‌హావర్ బృందం నేచర్ పత్రికలో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించింది. కొన్ని వేల రుబీడియం పరమాణువులను పరమశూన్య ఉష్ణోగ్రతకు అతిచేరువగా చల్లబరచి, అవి ఒకే ద్రవంలా ప్రవహించే స్థితిలో, ధ్వని దాటి వెనక్కి రాలేని ఒక సరిహద్దును ఆ ప్రవాహంలో ఏర్పరచారు. ఆ సరిహద్దు నుంచి వెలువడే ధ్వనికణాల, అంటే ఫోనాన్ల, ఉష్ణోగ్రతను లెక్కగట్టారు. అది సుమారు 0.35 నానోకెల్విన్‌లు. ఆ ప్రవాహానికి హాకింగ్ సూత్రం ఇచ్చే విలువతో అది సరిపోయింది. అంతకు ఏడాది ముందే కన్నుమూసిన హాకింగ్ చెప్పినది నిజమని తేలిపోయిందన్న ధోరణిలోనే ఈ సంగతి చాలాచోట్ల వార్తగా వచ్చింది.

ఆ ప్రయోగశాలలో ఉన్నది కృష్ణబిలం కాదు. అక్కడ జరిగినదానికీ గురుత్వాకర్షణకూ సంబంధం లేదు. మరి ఋజువైనది ఏమిటి? ఈ ప్రశ్నకు సరైన జవాబు వార్తలు చెప్పినంత ఘనమైనదీ కాదు, సంశయవాదులు తీసిపారేసినంత అల్పమైనదీ కాదు.

నది, చేప, జలపాతం

కృష్ణబిలాలు పూర్తిగా నల్లనివి కావనీ, క్వాంటమ్ సిద్ధాంతం ప్రకారం అవి ఒక నిర్దిష్టమైన ఉష్ణోగ్రతతో వికిరణాన్ని వెలువరిస్తాయనీ స్టీఫెన్ హాకింగ్ 1974లో ప్రతిపాదించాడు. ఆ ఉష్ణోగ్రత కృష్ణబిలపు ద్రవ్యరాశికి విలోమానుపాతంలో ఉంటుంది. సూర్యుడంత ద్రవ్యరాశి గల కృష్ణబిలానికి అది 60 నానోకెల్విన్‌లు మాత్రమే. విశ్వమంతటా నిండి ఉన్న నేపథ్య వికిరణం 2.7 కెల్విన్‌లు, అంటే దానికి నాలుగు కోట్ల రెట్లకు పైన. అటువంటి కృష్ణబిలం తాను ఇచ్చేదానికన్నా పుచ్చుకునేదే ఎక్కువ. అది ఇచ్చే ఆ కాస్త వేడినీ పసిగట్టగల దూరదర్శిని లేదు.

ఈ చిక్కుకు పక్కదారి చూపినవాడు బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం ఉన్రూ. జలపాతం వైపు నానాటికీ వేగం పుంజుకుంటూ సాగే ఒక నదిని ఊహించుకోవాలి. అందులో చేపల కేకలు నీటిలో ధ్వని వేగంతోనే ప్రయాణిస్తాయి. ప్రవాహ వేగం ధ్వని వేగాన్ని మించిన చోటు దాటిన చేప ఎంత అరిచినా, ఆ అరుపు ఎగువనున్న చేపలకు చేరదు. ఆ చోటే ధ్వనికి ఘటనా క్షితిజం. 1981లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో అచ్చయిన పత్రంలో ఉన్రూ ఈ పోలికను గణితంగా మార్చాడు. అటువంటి ప్రవాహంలో ధ్వని పాటించే సమీకరణమూ, కృష్ణబిలం చుట్టూ వంగిన దేశకాలంలో తరంగం పాటించే సమీకరణమూ ఒకే రూపంలో ఉంటాయని చూపాడు. కనుక హాకింగ్ తర్కం ఇక్కడా వర్తించి, ధ్వని క్షితిజం ఫోనాన్లను వెలువరించాలి.

ఈ పోలికకు అసలు విలువ తెచ్చిపెట్టినది హాకింగ్ గణనలోనే ఉన్న ఒక లోపం. వెలువడిన వికిరణాన్ని కాలంలో వెనక్కి, క్షితిజం దాకా అనుసరించుకుంటూ పోతే దాని తరంగదైర్ఘ్యం అంతులేకుండా కుదించుకుపోతుంది. ప్లాంక్ పొడవుకన్నా, అంటే సుమారు 10⁻³⁵ మీటర్లకన్నా, చిన్నదవుతుంది. అంత చిన్న కొలతల దగ్గర ప్రకృతి ఎలా నడుస్తుందో చెప్పే సిద్ధాంతం ఇంకా లేదు. ద్రవంలో ఈ ఇబ్బంది లేదు. ధ్వని తరంగం పరమాణువుల మధ్య దూరం కన్నా చిన్నది కాలేదు, ఆ కొలతల దగ్గరి భౌతికశాస్త్రం బాగా తెలిసినదే. 1991లో టెడ్ జేకబ్సన్ ఈ సమస్యను పదునుగా ముందుకు తెచ్చాడు. 1995లో ఉన్రూ కంప్యూటర్ గణనలతో, చిన్న కొలతల దగ్గర ధ్వని ప్రవర్తన మారినా హాకింగ్ ఫలితం దాదాపు చెక్కుచెదరదని చూపాడు.

ప్రయోగాలు, అభ్యంతరాలు

తరువాతి ప్రయోగాల చరిత్ర విజయాల జాబితా కాదు. ప్రతి ప్రకటన వెంటా ఒక అభ్యంతరం నడిచింది. 2010లో ఇటలీలో ఫ్రాన్సిస్కో బెల్జియోర్నో, డానియేలే ఫాచియో బృందం గాజులో లేజర్ స్పందనలతో హాకింగ్ వికిరణాన్ని చూశామన్నది. దానిని అలా అర్థం చేసుకోవడం సరికాదని వాదించినవారిలో ఉన్రూ స్వయంగా ఒకడు. 2011లో వాంకూవర్‌లో సిల్కే వైన్‌ఫుర్ట్‌నర్, ఉన్రూ తదితరులు నీటి కాలువలో, ప్రవాహానికి ఎదురుగా అలలను పంపి, వాటి మార్పిడిలో హాకింగ్ సూత్రం చెప్పే ఉష్ణ నిష్పత్తిని కొలిచారు. కానీ ఆ అలలు బయటినుంచి పంపినవి. హాకింగ్ చెప్పినదాని ఆయువుపట్టు శూన్యంలోంచి తమంతట తామే పుట్టే జంటలు. పైగా ఆ ప్రవాహం అలల వేగాన్ని నిజంగా దాటలేదని తరువాతి విశ్లేషణలు సూచించాయి.

స్టైన్‌హావర్ ప్రయోగాల లక్ష్యం ఆ జంటలే. క్షితిజానికి చెరోవైపునా సాంద్రతలో కలిగే అతిసూక్ష్మమైన హెచ్చుతగ్గులకు పరస్పర సంబంధం ఉంటే, అవి ఒకే చోట పుట్టిన జంటలని అనుమానించవచ్చు. ఒక్కసారి ఫోటో తీస్తే చాలు, ఆ పరమాణు ద్రవం నాశనమవుతుంది. మళ్లీ మొదటినుంచీ తయారు చేయాలి. 2014లో ఈయన ప్రకటించిన ఫలితానికి ఇతరులు హాకింగ్ ప్రక్రియతో పని లేని వివరణ ఇచ్చారు. 2016లో జంటల మధ్య క్వాంటమ్ చిక్కుముడిని చూశామన్నప్పుడు ఉల్ఫ్ లియోన్‌హార్ట్ ఆ విశ్లేషణను ప్రశ్నించాడు. వాటన్నిటికీ జవాబు వాగ్వాదంతో కాక, మెరుగైన కొలతలతో వచ్చింది. 2021లో అచ్చయిన పత్రం కోసం ఆ బృందం 124 రోజులలో 97,000 సార్లు ప్రయోగాన్ని తిరిగి చేసింది. నేటికి నిలిచిన ఫలితాలలో బలమైనది ఇదే.

సమానధర్మం ఎంతవరకు?

ఉపమాలంకారానికి నాలుగు అంగాలని బడిలో తెలుగు చదువుకున్నవారికి గుర్తుండే ఉంటుంది: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. పోలిక చెల్లుబాటయ్యేది సమానధర్మం ఉన్నంత మేరకే. ఉపమావాచకాన్ని తీసేసి రెండింటికీ అభేదం చెబితే అది రూపకం అవుతుంది. ప్రయోగశాలలోని క్షితిజం విషయంలో వార్తలు చేసినది ఇదే: ఉపమను రూపకం చేశాయి.

ఇక్కడ సమానధర్మం తరంగాల నడక మాత్రమే. క్షితిజం ఉంటే చాలు, హాకింగ్ వికిరణం వస్తుంది. దాని ఉష్ణోగ్రతను క్షితిజం దగ్గర ప్రవాహ వేగం ఎంత త్వరగా మారుతున్నదో నిర్ణయిస్తుంది, గురుత్వ స్థిరాంకానికి అక్కడ చోటు లేదు. కృష్ణబిలం ఆవిరైపోవడం, దాని ఎంట్రోపీ, అందులో పడిన సమాచారం ఏమవుతుందన్న ప్రశ్న, ఇవన్నీ ఐన్‌స్టైన్ సమీకరణాల మీద ఆధారపడ్డవి. ద్రవం ఆ సమీకరణాలను పాటించదు. మాట్ విస్సర్ 1998లోనే ఈ తేడాను ఎత్తిచూపాడు: ఎంట్రోపీ లేకుండా కూడా హాకింగ్ వికిరణం ఉండవచ్చు. కనుక హాకింగ్ లేవనెత్తిన చిక్కులలో అతి లోతైనవాటిని ఈ ప్రయోగాలు తాకనైనా తాకవు.

మరి సమానధర్మం ఉన్న మేరకైనా ఇది సాక్ష్యమా? తత్త్వవేత్తలు రెండుగా చీలారు. వేర్వేరు పదార్థాలలో ఒకే ఫలితం వస్తూ ఉంటే, సూక్ష్మ వివరాలతో పని లేదన్న నమ్మకం బలపడుతుందనీ, అది కృష్ణబిలాలకూ సాక్ష్యం కాగలదనీ దర్దష్టి, తెబో, విన్స్‌బర్గ్ వాదించారు. కృష్ణబిలాలు కూడా ఆ కోవకే చెందుతాయని ముందే ఒప్పుకుంటేనే ఆ వాదం నిలుస్తుందనీ, తేల్చవలసినది సరిగ్గా అదేననీ క్రౌథర్, లినెమన్, వుత్‌రిఖ్ బదులిచ్చారు.

వైద్యశాస్త్రం ఈ రెండవ పక్షానికి బలం చేకూరుస్తుంది. థాలిడోమైడ్ మందు మానవ శిశువులలో కలిగించిన అవయవ వైకల్యాలు ఎలుకలలో దాదాపు కనిపించవు, కొన్ని కుందేలు జాతులలో కనిపిస్తాయి. ఏ జంతువు ఏ విషయంలో మనిషికి సరైన నమూనాయో చివరికి తేల్చినది మనుషులను చూడటమే. జంతు నమూనాలను నమ్మగలుగుతున్నామంటే, రెండవ కొసను కూడా తడిమి చూడగలగడం వల్లనే. కృష్ణబిలాల విషయంలో ఆ రెండవ కొస చేతికి అందదు.

అయినా ఈ ప్రయోగాలు వృథా అనడం పొరపాటు. హాకింగ్ వాదన మీద ఉన్న గట్టి అనుమానం, తెలియని సూక్ష్మ భౌతికశాస్త్రం ఫలితాన్ని తారుమారు చేస్తుందేమోనన్నది. అలా తారుమారు కావడం అనివార్యం కాదని ఒక నిజమైన పదార్థంలో కనబడింది. ఇది కృష్ణబిలాన్ని గురించిన ఋజువు కాదు, ఒక తర్కం దృఢత్వానికి పరీక్ష. ఆ పరీక్షలో హాకింగ్ తర్కం ఓడిపోయే అవకాశం ఉండి కూడా ఓడిపోలేదు.

అసలు ఋజువు రావలసి ఉన్నది ఆకాశం నుంచే. విశ్వపు తొలి ఘడియలలో చిన్న కృష్ణబిలాలు పుట్టి ఉంటే, సుమారు యాభై వేల కోట్ల కిలోల ద్రవ్యరాశి గలవి ఈ కాలంలోనే గామా కిరణాలు చిమ్ముతూ అంతరించాలి. అటువంటిది ఇంతవరకూ నిర్ధారణగా కనబడలేదు. అది కనబడేదాకా, హైఫాలోని ఆ చల్లని ద్రవం కృష్ణబిలం వంటిది మాత్రమే. ఆ ‘వంటిది’ అన్న మాటను వదలకుండా పట్టుకోవడం ప్రయోగాన్ని తక్కువ చేయడం కాదు, అది నిజంగా చెప్పినదాన్ని వినడం.