ఎగరేయకముందే తేలాల్సిన సంగతులు

రేడియో కంట్రోల్ విమానాల సరదాలో ఒకప్పుడు ఎగరేయడం చివరి అంకం. అంతకుముందు నెలల తరబడి బాల్సా చెక్క కోయడం, జిగురు పెట్టడం, రెక్కలకు పలచటి కాగితం అతికించి డోప్ అనే వార్నిష్ పూయడం ఉండేవి. 1957 జూన్ 30న ఇంగ్లండులో కల్నల్ ట్యాప్లిన్ వెండి-జింకు బ్యాటరీతో 'రేడియో క్వీన్'ను ఎగరేశాడు. కరెంటు మోటారుతో రేడియో విమానం ఎగరడం అదే మొదలని చెబుతారు. ఆ తరం వాళ్లకు తమ విమానంలో ఏ అతుకు బలహీనమో చేతులకే తెలిసేది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో బాల్సా మోడల్ కట్టిన మన పిల్లలను అడిగినా ఇదే చెబుతారు.

ఇప్పుడు 'రెడీ టు ఫ్లై' డబ్బాలో అన్నీ వస్తాయి. ఫోమ్ బాడీ, మోటారు, సర్వోలు (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు), ట్రాన్స్‌మిటర్, బ్యాటరీ, చివరికి ఛార్జరు కూడా. రెక్క బిగించి అరగంటలో మైదానానికి వెళ్లిపోవచ్చు. లోపల ఎవరు ఏ స్క్రూ ఎలా బిగించారో మాత్రం మనకు తెలియదు. అందుకే అనుభవజ్ఞులు కొత్త విమానాన్ని ముందు బల్ల మీద పెట్టి ఓ సాయంత్రమంతా తడిమి చూస్తారు. చాదస్తమని నవ్వేవాళ్లున్నారు గానీ, మనం కట్టని విమానంతో పరిచయం పెంచుకోవడానికి నాకు తెలిసి ఇంకో దారి లేదు.

బ్యాటరీ పెట్టకుండానే సగం పని అయిపోతుంది. రెక్కల మీది ఐలరాన్లు, తోక మీది ఎలివేటర్, రడ్డర్లను ఒక్కొక్కటిగా మెల్లగా లాగి చూడాలి. ఫోమ్ కీళ్లు చిరగడం చివరల దగ్గరే మొదలవుతుంది. సర్వో చేతికి నడిమి స్క్రూ ఉందా? పుష్‌రాడ్ కొక్కెం కంట్రోల్ హార్న్ రంధ్రంలో పూర్తిగా దిగిందా? ప్రొపెల్లర్ మీద అక్షరాలు ముందువైపుకు ఉండాలి. తిరగేసి బిగిస్తే మోటారు గోల చేస్తుంది, విమానం మాత్రం లేవదు. మోటారు కాస్త కుడికి, కిందికి వంగి కనిపిస్తే లోపమనుకుని సరిచేయబోతారు కొత్తవాళ్లు. చాలా మోడళ్లలో అది కావాలనే పెట్టిన వంపు, దాని జోలికి పోవద్దు. వెనకనుంచి ఒక కన్ను మూసి చూస్తే రెక్క మెలిక తెలుస్తుంది. మే నెల ఎండలో కారులో వదిలేసిన ఫోమ్ రెక్క తిన్నగా ఉంటుందని ఆశపడకూడదు.

తర్వాత బరువు లెక్క. బ్యాటరీని దాని స్థానంలో పెట్టి, రెక్క కింద రెండు వేళ్లతో విమానాన్ని ఎత్తాలి. వేళ్లు ఎక్కడ పెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది. సాధారణంగా రెక్క ముందు అంచు నుంచి దాని వెడల్పులో పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య. ముక్కు ఇసుమంత కిందికి దిగితే సరి. ముక్కు బరువైన విమానం సరిగా ఎగరదు, తోక బరువైనది ఒక్కసారే ఎగురుతుందని ఈ సరదా ఉన్నవాళ్లు చెప్పుకునే మాట. తోక బరువైతే ఎలివేటర్ చిన్న కదలికకే విమానం ఎగిరిపడుతుంది, వేగం పడిపోయాక మళ్లీ చేతికి రాదు. సరిపోయిన చోట బ్యాటరీ అంచు వెంట పెన్నుతో గీత గీసేస్తే రేపు వెతుక్కోనక్కర్లేదు.

ఇక కరెంటు. ముందు ప్రొపెల్లర్ ఊడదీయాలి. థ్రాటిల్ పూర్తిగా కిందికి దించి, మొదట ట్రాన్స్‌మిటర్, ఆ తర్వాతే విమానంలో బ్యాటరీ. ఆపేటప్పుడు దీనికి వ్యతిరేక క్రమం. విమానం వెనక నిలబడి స్టిక్ కుడికి తోయండి. కుడి ఐలరాన్ పైకి లేవాలి, ఎడమది దిగాలి. కుడి రెక్క దిగాలి కదా అని కుడి ఐలరాన్ కూడా దిగాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు. స్టిక్ వైపు బొటనవేలు నిటారుగా ఎత్తి పట్టుకోండి, ఆ వైపు ఐలరాన్ కూడా అలాగే పైకి లేవాలి. ఇది తిరగబడి ఉంటే విమానం నేలమీదికి రావడానికి కొన్ని సెకన్లు చాలు.

విమానం వంగితే తనంతట తానే సరిచేసే జైరో ఉన్న మోడళ్లలో ఇక్కడితో ఆగిపోతేనే ప్రమాదం. స్టిక్కులు సరిగ్గా పనిచేస్తూనే జైరో తప్పు దిశలో ఉండొచ్చు. స్టిక్కులు వదిలేసి, విమానాన్ని చేత్తో కుడికి వంచండి. ఇప్పుడు కుడి ఐలరాన్ కిందికి దిగాలి, పడిపోతున్న రెక్కను ఎత్తాలి కాబట్టి. ముక్కు దించితే ఎలివేటర్ పైకి రావాలి. రివర్స్ అయిన జైరో వంపును సరిచేయదు, ఇంకా పెంచుతుంది. అప్పుడు ఎంత నేర్పున్న పైలట్‌కైనా విమానాన్ని దించడం కష్టమే.

ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే మోటారు ఆగాలి, అదీ ఇప్పుడే చూసుకోవాలి. లైపో (లిథియం పాలిమర్) సెల్ నిండా ఛార్జయితే 4.2 వోల్టులు, అంటే మూడు సెల్‌ల బ్యాటరీకి 12.6. మొత్తం సరిపోయిందని ఊరుకోకుండా సెల్ సెల్‌కూ కొలవాలి. ఒకటి వెనకబడి ఉంటే గాల్లో ముందు అదే చేతులెత్తేస్తుంది. ఉబ్బిన బ్యాటరీని మైదానానికి తీసుకుపోనేవద్దు.

చివరిది రేంజ్ పరీక్ష, ఇది మైదానంలోనే. 1936లో మొదలైన అమెరికా సంస్థ అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ తన భద్రతా నియమాల్లో కొత్త విమానానికీ, బాగుచేసినదానికీ దీన్ని తప్పనిసరి చేసింది. ట్రాన్స్‌మిటర్‌ను తక్కువ శక్తిలో పెట్టి మాన్యువల్ చెప్పినంత దూరం, చాలావాటికి ఓ ముప్పై అడుగులు వేసి, స్టిక్కులు కదపాలి. ప్రొపెల్లర్ మళ్లీ బిగించి, ఒకరు వెనకనుంచి విమానాన్ని గట్టిగా పట్టుకుంటే మోటారు తిప్పుతూ కూడా చూడాలి. మోటారు ఆగి ఉన్నప్పుడు బుద్ధిగా కదిలిన సర్వో అది తిరగగానే వణికితే, ఎగరేయడం ఆ రోజుకు వాయిదా. ఏ లోపం కనిపించినా ఫొటోలు, వీడియో తీసి దుకాణానికి పంపండి. కూలాక పంపితే, లోపం ముందే ఉందని నిరూపించే పని మీ నెత్తినే పడుతుంది.